ఇంట్లోకే కదండీ

మొన్న పొద్దుగాల వాకిలి ఊడుస్తుంటే ఇంటి ముందు ఆటో ఆగింది. అందులకెల్లి ముందుగాల ఒక చేతికర్ర దిగింది, తర్వాత ఒక కాలు, చానాసేపటికి రెండో కాలు. బాలమణి. ఆమె అక్క యాదమ్మ చంకల చెయ్యేసి దింపుతున్నది. నేను చీపురు గోడకు ఆనించి నిలబడ్డ.

"సారు ఉన్నడా అవ్వా?" అన్నది బాలమణి, మా కింది షట్టర్ దిక్కు చూసుకుంట. షట్టర్ మూసి ఉన్నది.

"లేడు బిడ్డా."

"ఊరికెల్లి ఎప్పుడొస్తడు?"

నాకు మెల్లమెల్లగ నచ్చజెప్పుడు రాదు. "ఇగ రాడు. చనిపోయిండు. ఆయన బామ్మర్ది వచ్చి తాళంచెవులు ఇచ్చిపోయిండు. రాత్రి పండుకున్నోడు పొద్దున లేవలేదట" అన్న.

యాదమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది. బాలమణి ఏడ్వలే. షట్టర్ ముందటి రాయి మీద మెల్లగ కూలబడి, ఎవరినీ చూడకుండ ఒక్కటే మాట అన్నది: "మరి పని చేసింది నేనే అని ఇంకెవరు చెప్తరు?"

ఆ మాటకు జవాబు ఆయన ఒక్కని నోట్లనే ఉండె. దాన్ని పట్టుకొని పోయిండు.

ఆయన పేరు నేను రాయను. బతికున్నప్పుడే ఆయన్ని పేరుతోని పిలిచినోళ్ళు లేరు. పనికి పోయే ఆడోళ్ళకు జీతాల సారు, నాకు షట్టర్ సారు. ఖాజాగూడ గుట్టల పక్కన మా ఇల్లు. కింద ఒక షట్టర్ ఉంటే కిరాయికి ఇచ్చిన. అద్దాల బిల్డింగుల్ల ఊడ్చి తుడిచేటందుకు ఆడోళ్ళను పంపే చిన్న యాపారం ఆయనది. బిల్డింగోళ్ళు ఈయనకు ఇస్తే, ఈయన ఆడోళ్ళకు జీతాలు రాసి బ్యాంకుల ఏస్తడు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగేటప్పుడు కుంటే ఫ్యాను. అదే ఆఫీసు. ఒకప్పుడు మేం వరి నాటిన మడి మీద ఇప్పుడొక బిల్డింగు ఉన్నది. దాని లిఫ్టు తుడిచే ఆడోళ్ళ జీతాలు మా షట్టర్లనే తయారవుతుండె.

గోదావరి దిక్కు మనిషి. భార్యాపిల్లలు ఊర్లనే. షట్టర్ లోపటికి వచ్చేటప్పుడు చెప్పులు బయట విడిచి, కంప్యూటరుకు దండం పెట్టి కూసుండెటోడు. "అదేంది సారూ, అది దేవుడా?" అంటే, "మా నాన్నగారు కొట్టులో త్రాసుకి పెట్టేవారండి, మామ్మగారూ. నాకు త్రాసు లేదు కదండీ" అన్నడు. నన్ను మామ్మగారు అన్న కిరాయిదారు ఆయనొక్కడే. మిగిలినోళ్ళు ఓనర్ ఆంటీ అంటరు. నా తెల్ల వెంట్రుకలు కనబడయో ఏమో వాళ్ళకు.

చీపురు పట్టే ఆడోళ్ళను గూడ గారు అనే పిలిచెటోడు. "యాదమ్మగారూ, ఇక్కడ సంతకమండి." వాళ్ళు కొంగులు నోట్లె పెట్టుకొని నవ్వేది. "మా ఇంటాయన ఓసే అంటడు, సారు గారూ అంటడు. ఇద్దర్ల ఎవరు నిజం చెప్తున్నరో" అని ఒకామె. జీతాల నాడు అరటిపండ్లు తెచ్చి బల్ల మీద పెట్టెటోడు. మనిషికొక పండు, ఒక జీతం కాయితం. "పండు చేతిల పెట్టి జీతం కోస్తున్నవ్ గద సారూ" అంటే, "కోసేది నేను కాదండీ, గవర్నమెంటండీ. నేను పండు వరకేనండి" అనెటోడు. తొక్కలు మాత్రం నా వాకిట్లనే పడుతుండె. నేను పైనుంచి అరిస్తే తనే వచ్చి ఏరెటోడు.

నేను గట్టి మనిషిని. షట్టర్ల లైటు ఊరికె వెలిగితే దిగిపోయి బంద్ చేసి వస్త. చాయ్‌పత్తి రెండోసారి మరగనిదే పారెయ్య. మూడో తరగతి దాక చదివిన, అయితే కూలికి పిలిచిన ఆడోళ్ళ లెక్క ఏనాడూ తప్పలే. అందుకే ఆయన జీతాలు రాసే తీరు చూస్తే నా కడుపుల మంట లేచేది. జ్వరమొచ్చి రాకపోతే వచ్చినట్టు రాసుడు. "జ్వరం కూడా డ్యూటీయేనండి, పాపం." చిల్లర వస్తే పైకి పోయి సున్నా పెట్టుడు. "సున్నా ఉంటే ముచ్చటగా ఉంటుందండి." బతుకమ్మకు చీర కొనాలె అంటే ముందే ఇచ్చుడు, ఇచ్చింది రాసుకోకపోవుడు, మర్చిపోవుడు. ఎక్కువ గంటలు చేసినోళ్ళకు ఆ గంటలు రాయకుండ ఇంకేదో పేరు మీద కలుపుడు. ఇదేంది అని బిల్డింగోళ్ళు అడిగితే నీళ్ళు నములుడు.

"సారూ, గిట్ల రాస్తే ఒకనాడు మునుగుతవ్" అన్న.

"ఎవరి ఇల్లు ముంచుతున్నానండీ మామ్మగారూ? ఇచ్చేవైపే కదండీ తప్పు. కోసేవైపు కాదు కదా."

జీతాల కాడ తప్పులు దొంగలు చేస్తరనుకుంటం. దొంగ తప్పు చెయ్యడు, దొంగకు లెక్క బాగ వస్తది. తప్పులన్నీ గిసొంటి మెత్తనోళ్ళవే.

యాదమ్మ సంగతి గిట్లనే అయింది. పాలమూరు దిక్కుకెల్లి వచ్చి నానక్‌రామ్‌గూడల ఒక రూముల ఉంటరు అక్కాచెల్లెండ్లు. యాదమ్మ మొగడు మేస్త్రి పనికి పోతడు. బాలమణికి మొగడు లేడు. ముందుగాల పనిల చేరింది యాదమ్మనే. ఆధార్ ఇచ్చింది, ఫోటో దిగింది, బ్యాంకు ఖాతా తీసింది. జీతంల కొంత కోసి ఈఎస్ఐ కడితే రోగమొచ్చినా దెబ్బ తాకినా వాళ్ళ దవాఖానల పైసలు లేకుండ చూస్తరు గద, ఆ కార్డు గూడ యాదమ్మ పేరుమీదనే అయింది. తర్వాత ఆమెకు కడుపు నిలబడ్డది. మెట్లు ఎక్కలేక "నా బదులు మా చెల్లె వస్తది సారూ" అన్నది. సారు సరేనండి అన్నడు.

గిది మాకు కొత్త గాదు. నాట్లకు మనిషిని పిలిస్తే మనిషి రావాలని లేదు, ఆ ఇంటికెల్లి ఒక చెయ్యి రావాలె. అత్త రాకుంటే కోడలు, అక్క రాకుంటే చెల్లె. కూలి ఆ ఇంటికి పోతది. నేను గూడ అట్లనే ఇచ్చిన. అయితే నా మడిల నేను నిలబడి ఉంటి. ఎవరు వంగిండ్రు, ఎవరు గట్టు మీద కూసున్నరు, నా కండ్లకు తెలుసు. బిల్డింగు కాడ ఎవరున్నరు చూసేటందుకు? గేటు కాడ కార్డు గీకుతరు. మిషనుకు కార్డు కనబడ్తది, మొఖం కనబడదు. బాలమణి రోజూ యాదమ్మ కార్డు మెడల ఏసుకొని పోయింది. జీతం యాదమ్మ ఖాతాల పడ్డది. జీతాల నాడు పండు, కాయితం తీసుకునేటందుకు బిడ్డను చంకలేసుకొని యాదమ్మనే వచ్చేది. బాలమణి నాకు కనబడ్డదే తక్కువ.

బిడ్డ పుట్టింది, పాకింది, నడిచింది. యాదమ్మ మళ్ళ పనికి రాలే. బదులు మనిషే అసలు మనిషయింది. పేరు మాత్రం మారలే.

ఒకనాడు నేనే దిగిపోయి అడిగిన. "సారూ, పేరొకరిది, చెమటొకరిది. గిదేం పద్ధతి?"

ఆయన కండ్లజోడు పైకి తోసుకొని నవ్విండు. "కొత్త పేరు ఎక్కించాలంటే ఆవిడ ఆధార్‌లో తేదీ తప్పుంది, బ్యాంకు ఖాతా లేదు, అదంతా అయ్యేసరికి ఓ నెల జీతం ఆగుతుందండి. ఆ నెల వాళ్ళేం తింటారండీ? ఇంతకీ డబ్బులు ఇంట్లోకే కదండీ, మామ్మగారూ."

ఇంట్లోకే కదండీ. ఆయన నోట్ల ఎప్పుడూ తిరిగే మాట అది. మొగని జీతం పెండ్లానికిచ్చినా అదే, తల్లి బదులు బిడ్డను పంపినా అదే. ఒక నెల ఆకలి తప్పిద్దామని చూసిండు.

బాలమణి పడ్డది ఎండకాలంల. మెట్ల కాడ అద్దం తుడుస్తుంటే ఇనుప నిచ్చెన జారింది. నడుము మెట్టు అంచుకు తాకింది. సారు చెప్పులు గూడ తొడుక్కోకుండ ఉరికిండు. ఈఎస్ఐ దవాఖానకు తీసుకపోయి యాదమ్మ కార్డు ఇచ్చిండు. వాళ్ళు వేలు పెట్టమన్నరు. మిషన్ల వేలు పెడితే, ఈ వేలు యాదమ్మది గాదన్నది మిషను.

అప్పుడు ఆయన అబద్ధం ఆడొచ్చు. మిషను ఖరాబయింది అనొచ్చు, బతిమిలాడొచ్చు. ఆడలే. "ఈవిడ పేరు బాలమణండి. యాదమ్మగారి పేరు మీద మా దగ్గర ఈవిడే పని చేస్తున్నారండి. తప్పు నాదండి" అని బల్ల కాడ నిలబడి చెప్పిండట. చెప్తే ఏమైంది? బాలమణి పేరుమీద రూపాయి గూడ కట్టలేదాయె, మేం చూడం అన్నరు. యాదమ్మ కార్డును ఇంకొకరు వాడిండ్రని అది గూడ ఆపిండ్రు. నిజం చెప్పినందుకు ఒకటి పోయేకాడ రెండు పోయినయి.

ప్రైవేటు దవాఖానల పడేసిండ్రు. ఆయన బండి అమ్మిండు, అప్పు తెచ్చిండు. బాలమణి బతికింది. ఎడమ కాలు మాత్రం ఆమె మాట వినదు. లాగితేనే వస్తది.

అటెన్క ఆయన మారిండు. మారమని నేనే అన్న. "ఇప్పటికైనా మొఖం చూసి, కార్డు చూసి పంపు" అన్న. చిన్నపిలగాడు పంతులు మాట విన్నట్టు విన్నడు. రోజూ పొద్దున షట్టర్ ముందు కుర్చీ ఏసుకొని, ఒక్కొక్కరి మొఖం కార్డుల ఫోటోతోని కలిపి చూసెటోడు. జ్వరమైతే జ్వరమనే రాసిండు. సున్నాలు బంద్. అరటిపండ్లు గూడ బంద్, పైసలు లేక. ఆడోళ్ళు సప్పుడు చెయ్యకుండ వచ్చి సప్పుడు చెయ్యకుండ పోయేది. నా వాకిలి శుభ్రంగ ఉండేది.

ఒకనాడు ఒక ముసలామె కోడలి కార్డు ఏసుకొని వచ్చింది. పిల్లకు వాంతులు విరేచనాలట, కోడలు నీలోఫర్ దవాఖానల ఉన్నది. "ఈ ఒక్కనాడు పోనీ నాయినా" అన్నది. సారు తల కిందికేసి, "వీల్లేదండి. మీరు మీరే, ఆవిడ ఆవిడేనండి" అన్నడు. ముసలామె వాపస్ పోయింది. ఆనాడు మనిషి తక్కువయిందని బిల్డింగోళ్ళు ఇంకొకామెను తెచ్చుకున్నరు. కోడలు దవాఖాననుంచి వచ్చేసరికి ఆమె పని లేదు. షట్టర్ ముందు నిలబడి మన్నెత్తి పోసి తిట్టింది. "ముందటి సారు మంచోడుండె. నువ్వెవరో మా సారు కుర్చీల కూసున్నవ్!"

ఆమె పోయినంక ఆయన మెట్లెక్కి పైకి వచ్చిండు. ఎన్నడూ రాలే పైకి. గడప బయటనే నిలబడి, "మీరు చెప్పినట్టే చేశానండి, మామ్మగారూ. ఇదీ తప్పేనటండి" అన్నడు.

"చాయ్ తాగుతవా సారూ" అన్న. కొత్త పత్తి ఏసిన. ఆయన తాగి, గిలాస కడిగి బోర్లించి పోయిండు.

బాలమణి అప్పటికే కార్మికుల ఆఫీసుల అర్జీ పెట్టుకున్నది. పనిల దెబ్బ తాకింది, నాకు నష్టం కట్టియ్యుండ్రి అని. అక్కడ అడిగేది ఒక్కటే: నువ్వు అక్కడ పని చేసినట్టు ఏం రుజువు? కాయితాలల్ల ఏడ చూసినా యాదమ్మనే. మా గేటు కాడ గీకింది యాదమ్మ కార్డే అన్నరు బిల్డింగోళ్ళు. యాదమ్మ చెప్తే సొంత అక్క మాట చెల్లదన్నరు. తోటి ఆడోళ్ళు చెప్పొచ్చు గద అంటే, వాళ్ళల్ల చానామంది అక్కల పేరుమీద, వదినల పేరుమీద ఉన్నోళ్ళే. నోరు తెరిస్తే వాళ్ళ కొలువులు గూడ పోతయ్.

సారు మాత్రం వస్త అన్నడు. "నేనొచ్చి చెప్తానండి, బాలమణిగారూ. నేను పంపితేనే మీరు వెళ్ళారని నా నోటితోనే చెప్తాను."

నేను ఆపబోయిన. "తప్పుడు పేరు రాసింది నువ్వే అని నీ నోటితోనే ఒప్పుకున్నట్టయితది. అది నీ మెడకు చుట్టుకుంటది సారూ."

"చుట్టుకోనివ్వండి. ఆ అమ్మాయి పని చేసిందని అక్కడికొచ్చి చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నేనండి. నేను కూడా లేదంటే ఆవిడ అన్నేళ్ళూ ఎక్కడున్నట్టండీ?"

ఊర్ల ఇంటి వాటా అమ్మి అప్పులు కట్టి, విచారణ నాటికి వస్తనని పోయిండు. పోయేనాడు షట్టర్ లోపలంత తనే ఊడ్చి, కంప్యూటరు మీద తువ్వాల కప్పిండు. కిరాయి ముందుగాలనే నా చేతిల పెట్టిండు. అది చూసి నాకు నచ్చలే. చేతిల పైసలు లేనోడు ముందు కిరాయి ఇస్తే ఏదో కీడు శంకించాలె.

తర్వాత ఆయన బామ్మర్ది వచ్చిండు, తాళంచెవులు ఇచ్చిండు. కంప్యూటరు ఆటోల ఏసుకున్నడు. "మా బావగారు ఎవరికైనా బాకీ ఉన్నారాండీ?" అని అడిగిండు. నాకు లేదు అన్న. ఒక మాట బాకీ ఉండె, దాన్ని బామ్మర్దికి ఏమని చెప్పాలె.

ఇదంత నేను ఆ రాయి మీద కూసున్న బాలమణికి చెప్పలే. నీళ్ళిచ్చిన. విచారణ ఎల్లుండే అన్నది. సారును తోలుకపోదామని వచ్చిందట.

"నేనొస్త పా" అన్న.

బాలమణి నా మొఖం చూసింది. "నువ్వు నన్ను పనిల చూసినవా అవ్వా?"

చూడలే. ఎన్నడన్న తొవ్వల నీలిరంగు బట్టలల్ల పోతుంటే చూసినట్టుంది, ఆ బట్టలల్ల అందరు ఒక్కతీరే కనబడ్తరు. జీతాల నాడు చూసింది యాదమ్మను. పండు తీసుకున్నది యాదమ్మ, సంతకం చేసింది యాదమ్మ. బాలమణి పని చేసిందని నాకు చెప్పింది సారు. సారు లేడు. అబద్ధం ఆడే అలవాటు నాకు లేదు, ఈ వయసుల కొత్తగ నేర్వను. అయినా గూడ, "చూసినంతవరకు చెప్త. సారు నాతోని అన్న మాట చెప్త. వింటే వింటరు, లేకుంటే లేదు" అన్న.

బాలమణి మొఖంల కొంచెం వెలుతురు వచ్చింది. కొంచెమే. యాదమ్మ గూడ కండ్లు తుడుసుకున్నది. "అట్లయితే పొద్దున్నే వస్తమవ్వా. నేను ఎల్లుండి పనికి సెలవు చెప్త" అన్నది.

"నువ్వు పనికి పోతున్నవా?" అన్న. "ఏడ?"

"కోకాపేటల కొత్త బిల్డింగుల. వేరే కాంట్రాక్టరు. ఇది పడ్డప్పటిసంది నేనే పోతున్న. ఇల్లు గడవాలె గద."

"నీ కార్డు ఆపిండ్రంటిరి గద? నిన్నెట్ల తీసుకున్నరు?"

యాదమ్మ చెల్లె దిక్కు చూసింది.

"దాని ఆధార్ ఇచ్చిన అవ్వా. తేదీ సరిచేయించినం. ఖాతా గూడ తీసినం. అది ఇంట్ల కూసున్నదే గద."

అంటే, కాలు కదలని బాలమణి, కాయితాలల్ల రోజూ పొద్దున కోకాపేటల గేటు కాడ కార్డు గీకుతున్నది. అంతస్తులు ఎక్కుతున్నది, దిగుతున్నది. నెల నెలా జీతం తీసుకుంటున్నది. ఈఎస్ఐ గూడ ఇప్పుడు కోస్తున్నరట, ఆమె పేరుమీద. ఇగ నేను పోయి ఏం చెప్పాలె? సారు బతికొచ్చినా ఏం చెప్తుండె?

"ఎల్లుండి వాళ్ళు ఆ కాయితం తీసి ముందట పెడితే ఏమంటవే?" అన్న. నా గొంతు నాకే గట్టిగ వినబడ్డది.

యాదమ్మకు నా కోపం అర్థం కాలే. చెల్లె కర్ర అందుకొని, చంకల చెయ్యేసి లేపుతున్నది. ఆటోల కూసోబెట్టుకుంట, నన్ను సముదాయించినట్టే అన్నది:

"పరేషాన్ గాకు అవ్వా. ఎవరి పేరుమీదైతేంది. ఇంట్లోకే గద."